నర్సరీ మేళాకి వెళ్తున్నారా? ప్రతిసారీ నన్ను అడిగే ప్రశ్నలు, నా జవాబులు

మేళా తేదీలు పేపర్లో పడగానే ఫోన్లు మొదలవుతాయి. మా అపార్ట్‌మెంట్ వాళ్లు, పాత ఆఫీసు వాళ్లు, చివరికి మా ఆడపడుచు వాళ్ల అత్తగారు కూడా అవే అడుగుతారు. పదేళ్లుగా మిద్దె తోట చేస్తున్నాను, మేళా దాదాపు ఏదీ వదల్లేదు, డబ్బులు కూడా బాగానే పోగొట్టుకున్నాను. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా ఒకచోట రాసి పెట్టేశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## వెళ్లే ముందు

ఈ మేళా ఎక్కడ, ఎప్పుడు జరుగుతుంది? ఏడాదికి ఒక్కసారేనా?

హైదరాబాద్‌లో, హుస్సేన్‌సాగర్ పక్కన, నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజాలో. ఆ రోడ్డుకి ఇప్పుడు పీవీ నరసింహారావు మార్గ్ అని పేరు పెట్టారు గానీ ఆటో అతనికి నెక్లెస్ రోడ్డు అంటేనే తెలుస్తుంది. మామూలుగా చలికాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి, నాలుగైదు రోజులపాటు పెడతారు. తేదీలు ప్రతిసారీ మారుతుంటాయి కాబట్టి పోయినేడాది తేదీ గుర్తుపెట్టుకుని బయల్దేరకండి.

చలికాలం మేళాకి వెళ్లాలా, వానాకాలం మేళాకా?

కళ్లకి పండగ కావాలంటే చలికాలం. పెటూనియాలు, పాన్సీలు, డయాంథస్, డాలియాలు, చామంతులు అన్నీ అప్పుడే విరగబూసి ఉంటాయి, ఫొటోలకి కూడా అదే బాగుంటుంది. కానీ ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ సీజనల్ పూలలో ఎక్కువ భాగం మార్చి దాటితే మన ఎండకి తట్టుకోవు, అంటే జనవరిలో నిండుగా పూసిన కుండీ కొంటే మీరు కొన్నది రెండు నెలల సంబరమే. అది తెలిసి కొంటే ఏ బాధా లేదు, పెళ్లికి పూల డెకరేషన్ చేయించుకున్నట్టే.

పండ్ల మొక్కలు, మల్లె, కరివేపాకు, తీగలు, అంటే ఏళ్ల తరబడి ఉండాల్సినవి వానాకాలంలో కొనండి. అప్పుడు నాటితే వేరు పట్టుకోవడానికి చలికాలం అయ్యేదాకా టైమ్ ఉంటుంది. జనవరి చివర్లో మామిడి అంటు కొని డ్రమ్ములో పెడితే అది కుదురుకునేలోపే ఏప్రిల్ వస్తుంది, 40 డిగ్రీల ఎండలో మిద్దె మీద సిమెంటు వేడి కూడా కలిసి కొడుతుంది. చలికాలం మేళాలో విత్తనాలు మాత్రం బాగా పనికొస్తాయి: బెండ, బీర, సొర, దోస, గోంగూర తెచ్చుకుంటే వేసవి పంటకి సరిపోతుంది.

ఏ రోజు, ఏ టైమ్‌కి వెళ్తే మంచిది?

మాట్లాడాలంటే మొదటి రెండు రోజుల్లో, ఆదివారం కాని రోజు, పొద్దున్నే. చవగ్గా కొనాలంటే చివరి రోజు సాయంత్రం. రెండూ ఒకే రోజు కుదరవు. ఆదివారం సాయంత్రం స్టాల్ అతను ఒక చేత్తో చిల్లర ఇస్తూ, ఇంకో చేత్తో స్కానర్ చూపిస్తూ ఉంటాడు, ఆ టైములో "అన్నా, నా గులాబీకి మొగ్గలు రాలిపోతున్నాయి" అంటే ఏం చెప్తాడు పాపం. చివరి రోజు రేటు తగ్గే మాట నిజమే, తిరిగి లారీలో వేసుకుపోవడం వాళ్లకీ ఖర్చే కదా. కాకపోతే అప్పటికి నాలుగు రోజులు ఎండలో, దుమ్ములో, వందమంది చేతుల్లో నలిగిన మొక్కలవి.

బండి మీద వెళ్లనా, మెట్రోలోనా?

చూడటానికైతే మెట్రో. ఖైరతాబాద్ స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే కాసేపట్లో అక్కడుంటారు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు రూటులో ఉండేవాళ్లకి నెక్లెస్ రోడ్ స్టేషన్ కూడా ఉంది. మొక్కలు కొనే ఉద్దేశం ఉంటే తిరుగు ప్రయాణానికి ఆటో తప్పదు. స్కూటర్ ముందు మొక్క పెట్టుకుని ట్యాంక్‌బండ్ గాలిలో వస్తే ఇంటికి చేరేసరికి కాడలే మిగులుతాయి. పాత చీరో దుప్పటో వెంట తీసుకెళ్లి మొక్కల్ని వదులుగా చుట్టండి.

ఊరికే చూసి రావడానికి కూడా ముందుగా ఏమైనా చూసుకోవాలా?

చూసుకోవాలి, నిజానికి మేళా అంతటికంటే ఇదే ముఖ్యం. ఒక సెలవురోజు పొద్దున 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి మీ బాల్కనీనో మిద్దెనో ఫోన్‌తో ఫొటో తీయండి. ఎండ ఎక్కడ పడుతోంది, ఎంతసేపు ఉంటోంది అన్నది ఆ మూడు ఫొటోల్లో తెలిసిపోతుంది. టేపు పెట్టి పొడవు, వెడల్పు కొలవండి. బాల్కనీ ఏ దిక్కుకి ఉందో రాసుకోండి. నీళ్లు బోరువా, నల్లా నీళ్లా అన్నది కూడా.

ఎందుకంటే అక్కడ ఎవర్ని ఏం అడిగినా వాళ్లు తిరిగి అడిగే మొదటి ప్రశ్న "ఎండ ఎంతసేపు పడుతుందమ్మా?" "బాగానే పడుతుందండీ" అన్నామంటే వాళ్లు ఏం చెప్పాలి? పడమటి బాల్కనీలో మే నెల మధ్యాహ్నం ఎండా, తూర్పు బాల్కనీలో పొద్దుటెండా రెండూ మూడేసి గంటలే కావచ్చు, మొక్కకి మాత్రం రెండూ వేరు.

## లోపలికి వెళ్లాక

అన్ని స్టాళ్లు చూసేసరికి తల తిరుగుతోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి రౌండు పర్సు తీయకుండా తిరగండి. పూర్తిగా. అదే మొక్క మూడు స్టాళ్లలో మూడు రేట్లకి కనిపిస్తుంది, నచ్చినదాన్ని ఫొటో తీసుకుని స్టాల్ నంబరు కూడా ఆ ఫొటోలో పడేలా చూసుకోండి. తర్వాత ఒక టీ తాగి, రెండో రౌండులో మాట్లాడండి, కొనండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు గేటు పక్క స్టాల్లోనే 14 మొక్కలు కొని, మిగతా మేళా అంతా ఆ సంచులు మోసుకుంటూ తిరిగాను. ఏదీ సరిగ్గా చూడలేదు. ఆ 14లో ఉగాదికి మిగిలినవి అయిదు.

అక్కడ డిస్‌ప్లేలో పెట్టినట్టు మా ఇంట్లో వస్తుందా?

అచ్చంగా రాదు. అక్కడ పూసిన కుండీలనే తెచ్చి ఒకదానికొకటి ఆనించి పెడతారు, అలా ఇంట్లో పెంచితే గాలాడక నెల తిరక్కుండా పిండినల్లి (దూదిలా తెల్లగా అంటుకునే పురుగు) పడుతుంది. ఆర్కిడ్లు, ఆంథూరియాలు, ఫెర్న్‌లు నీడా తేమా ఉన్న షెడ్డులో పెరిగినవి, మన వేసవి పొడిగాలికి ఆకుల అంచులు మాడిపోతాయి.

మరి చూసి ఏం నేర్చుకోవాలంటే, అమరిక. వెనక పొడుగు మొక్క, మధ్యలో గుబురుది, ముందు అంచు మీద నుంచి కిందికి జారేది, ఈ మూడు మెట్లు దాదాపు ప్రతి మంచి డిస్‌ప్లేలోనూ కనిపిస్తాయి. అలాగే పూల మీద ఆధారపడకుండా ఆకుల రంగులతోనే నడిపించేవి గమనించండి, క్రోటన్లు, కోలియస్, అరేలియా లాంటివి. ఆ అమరికని మన దగ్గర బతికే మొక్కలతో చేసుకోవచ్చు. నేను ఒకసారి అక్కడ నిచ్చెన మెట్ల మీద కుండీలు పెట్టింది చూసి, ఇంట్లో అటక మీద పడున్న చెక్క నిచ్చెన దింపాను. మొత్తం మేళాలో నాకు బాగా కలిసొచ్చింది అదే, దానికి పైసా ఖర్చు కాలేదు.

కడియం నుంచి వచ్చిన మొక్కలు మన దగ్గర బతుకుతాయా?

బతుకుతాయి, కానీ తెచ్చిన మట్టితోనే తంటా. కడియం అంటే రాజమండ్రి పక్కన గోదావరి నేల, అక్కడ మొక్కని బంకమట్టి ముద్దలో పెట్టి కవర్లో కట్టేస్తారు. అక్కడి తేమకి అది బాగానే ఉంటుంది, ప్రయాణానికీ అనుకూలం. మన దగ్గరికొచ్చాక ఆ ముద్ద ఎండి బిగుసుకుని రాయిలా అవుతుంది. చుట్టూ మనం వేసిన వదులు మట్టిలోంచి నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి, లోపల వేరు మాత్రం ఎండిపోతూ ఉంటుంది. "రోజూ నీళ్లు పోస్తున్నా ఎండిపోయిందండీ" అని వినిపించేది ఇలాంటి మొక్కల గురించే.

నాటే ముందు ఆ ముద్దని బకెట్ నీళ్లలో పెట్టి బుడగలు ఆగేదాకా ఉంచండి. మెత్తబడ్డాక అంచుల మట్టిని వేళ్లతో కాస్త రాల్చండి. మొత్తం రాల్చేస్తే వేర్లు తెగుతాయి, అది ఇంకో తప్పు.

చిన్నపిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

హాయిగా. కాక్టస్‌ల దగ్గర, అడీనియం, డిఫెన్‌బాకియా దగ్గర మాత్రం చెయ్యి పట్టుకోండి. ఆ రెండిటి రసం నోట్లోకి, కళ్లలోకి పోకూడదు. ఇంట్లో పాకే పాప ఉంటే ఆ మొక్కలు కొనకపోవడమే మేలు.

## నిపుణుల దగ్గర

నిజంగా నిపుణులు దొరుకుతారా, లేక అందరూ అమ్మేవాళ్లేనా?

ఎక్కువమంది అమ్మేవాళ్లే. అది తప్పేం కాదు, ఇరవై ఏళ్లు అంట్లు కట్టిన చేతులు అక్కడుంటాయి. కౌంటర్లో కూర్చున్న ఓనరు కంటే వెనక మొక్కలు సర్దుతున్న పెద్దాయనకి ఎక్కువ తెలిసిన సందర్భాలు చాలా చూశాను.

యూనివర్సిటీ, ఉద్యానశాఖ, పరిశోధన సంస్థల స్టాళ్లు పెట్టినప్పుడు ముందు అక్కడికే వెళ్లండి, వాళ్లకి మీకు ఏదో అంటగట్టాల్సిన పని లేదు. ఒకవేళ మేళాలో కనిపించకపోయినా మన చుట్టుపక్కలే ఉన్నారు: రాజేంద్రనగర్‌లో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, అక్కడే జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, ములుగులో కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం. ములుగు అంటే మేడారం జాతర ములుగు కాదు, సిద్దిపేట జిల్లాది. మా బావగారు ఒకసారి వరంగల్ దాకా వెళ్లొచ్చారు.

మొక్కకి జబ్బు చేస్తే ఎలా చూపించాలి? ఒక ఆకు తెంపుకెళ్తే చాలదా?

ఆకు ఒక్కటే చూసి చెప్పమంటే, మనిషి వేలు చూపించి జ్వరం ఎంతో చెప్పమన్నట్టే. ఫోన్లో అయిదు ఫొటోలు ఉంచుకోండి: మొక్క మొత్తం, ఆకు పైభాగం, ఆకు అడుగుభాగం, కుండీ పైన మట్టి, కింద నీళ్లు పోయే రంధ్రం. ఆకు తీసుకెళ్లేట్టయితే జిప్ కవర్లో మూసి తీసుకెళ్లండి, మీ తెల్లదోమని మేళా అంతా పంచిపెట్టకండి.

ఇంకో విషయం, పసుపు ఎక్కడ మొదలైందో గమనించి చెప్పండి. కింది ముదురాకులు పసుపెక్కితే చాలాసార్లు నత్రజని తక్కువైందని. పైన లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదని. బోరునీళ్ల ఇళ్లలో ఇది మరీ ఎక్కువ, మట్టిలో ఇనుము ఉన్నా ఉప్పునీళ్ల వల్ల మట్టి పీహెచ్ (క్షార గుణం) పెరిగి వేరుకి అందదు. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందంటే ఆ మాట కూడా చెప్పండి. ఎరువు డోసు పెంచమనే సలహా అక్కడితో ఆగిపోతుంది.

మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి అంటే నాలుగు మందులు ఇస్తున్నారు. అన్నీ కొనాలా?

ఒక్కటి కూడా వెంటనే కొనకండి. ముందు ముడత ఎటు ఉందో చూడండి. ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలా ఉంటే పై ముడత, అది తామర పురుగు (త్రిప్స్) పని. అంచులు కిందికి తిరిగి బోర్లించిన పడవలా ఉంటే కింది ముడత, అది నల్లి (మైట్, పిండినల్లి కాదు). పురుగుకి కొట్టే మందుల్లో చాలావాటికి నల్లి పోదు, అందుకే "అన్నీ కొట్టాను, తగ్గలేదు" అంటుంటారు. టమాటాలో అయితే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ ముడత కూడా ఉంది, దానికి మందే లేదు, మొక్క పీకేసి పక్క మొక్కల్ని కాపాడుకోవడమే.

ఎవరైనా మందు చేతిలో పెడితే మూడు అడగండి. ఇది ఏ పురుగుకి? లీటరుకి ఎంత? కొట్టాక ఎన్ని రోజులు కాయ కోయకూడదు? మూడోదానికి జవాబు రాకపోతే సీసా తిరిగి పెట్టేయండి, ఆ మిరపకాయ రేపు మీ పప్పులోనే పడేది. మొదలులోనే గమనిస్తే లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి, సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొడితే చాలావరకు సరిపోతుంది. పసుపు జిగురు అట్టలు తెల్లదోమకి, నీలం అట్టలు తామర పురుగుకి. ఇవి మేళాలో దొరుకుతాయి, కొనుక్కోవచ్చు.

## కొనేటప్పుడు

అంటు మొక్కా, గింజ మొక్కా ఎలా తెలుస్తుంది?

మామిడిలో సులువు. మొదట్లో, నేలకి జానెడు ఎత్తు లోపల, కాండం మీద అతుకు కనిపిస్తుంది, అక్కడ బెరడు రంగు మారుతుంది. అంటు మూడు నాలుగేళ్లలో కాపుకొస్తుంది, గింజది ఆరేడేళ్లు పైనే పట్టొచ్చు, కాయ తల్లిచెట్టులా ఉంటుందన్న నమ్మకమూ లేదు. టేపు చుట్టి ఉన్నంత మాత్రాన అంటు అనుకోకండి, అతుకు చూపించమని అడగండి, నిజమైనవాడు సంతోషంగా చూపిస్తాడు. జామ, దానిమ్మల్లో కొమ్మకి వేళ్లు పుట్టించి తీసిన మొక్కలు కూడా వస్తాయి, వాటికి అతుకు ఉండదు, అవీ మంచివే. బొప్పాయి, మునగ గింజ నుంచి వచ్చినా ఇబ్బంది లేదు.

ఆపిల్, కుంకుమపువ్వు మన దగ్గర కాస్తాయని చెప్తున్నారు, నిజమేనా?

ఆపిల్ నేను కొన్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. కాయ ఉన్న ఫొటో అతికించిన మొక్కని ఒక స్టాల్లో చాలా ప్రేమగా అమ్మారు. రెండు వేసవులు బతికింది, రెండుసార్లు ఆకులు రాల్చింది, మూడో మే నెలలో వెళ్లిపోయింది. ఆపిల్‌కి చలికాలంలో గంటల తరబడి గట్టి చలి కావాలి. తక్కువ చలితో సరిపెట్టుకునే హెచ్ఆర్ఎంఎన్-99 లాంటి రకాలు ఉన్న మాట వాస్తవమే, అయినా మిద్దె మీద డ్రమ్ములో అది సరదా ప్రయోగమే తప్ప పంట కాదు. కుంకుమపువ్వు దుంపకి కశ్మీర్ లాంటి చలి కావాలి, ఏసీ గది పెట్టి పెంచేవాళ్లు ఉన్నారు, మన బాల్కనీలో కాదు.

ఆ డబ్బులకి నిమ్మ, జామ, దానిమ్మ, సపోటా కొనండి. లేదా బాలానగర్ సీతాఫలం, మన నేలకి పుట్టిన మొక్క అది, ఎండకి భయపడదు.

బేరం ఆడొచ్చా?

నాంపల్లి ఎగ్జిబిషన్ నుమాయిష్‌లో ఆడమా? ఇక్కడా అంతే. కాకపోతే ఒక్క మొక్కకి పది రూపాయల కోసం గీసి గీసి అడిగేకంటే నాలుగైదు ఒకే చోట కొని "లాస్ట్ ఎంతన్నా" అనండి. తగ్గించకపోతే ఒక గుప్పెడు వేపపిండి అయినా వేస్తారు.

విత్తనాల ప్యాకెట్ మీద ఏం చూడాలి?

పైనున్న కాయ బొమ్మ తప్ప అన్నీ. పరీక్ష చేసిన తేదీ, ఎప్పటిదాకా పనికొస్తుంది, మొలక శాతం. టమాటాకి కనీసం 70, బెండకి 65 శాతం ఉండాలి. ఈ వివరాలేవీ లేని చిన్న ప్లాస్టిక్ కవర్లలో రంగురంగుల గింజలు అమ్ముతారు, నీలం గులాబీ గింజలు, నల్ల గులాబీ గింజలు అని. వాటి జోలికి పోకండి. మళ్లీ గింజ దాచుకోవాలంటే హైబ్రిడ్ కాకుండా నాటు రకమో సూటి రకమో (దాచిన గింజ వేసినా అదే రకం వచ్చేది) అడగండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల 'అర్క' రకాల్లో రెండూ ఉన్నాయి, అర్క అనామిక బెండ సూటి రకం, అర్క రక్షక్ టమాటా హైబ్రిడ్, ప్యాకెట్ చూసి తీసుకోండి.

కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీ (వానపాముల ఎరువు), మట్టి మిక్స్ అక్కడే కొనాలా?

కోకోపీట్ దిమ్మె తేలిక, తెచ్చుకోండి: 5 కిలోల దిమ్మె నీళ్లలో నానితే సుమారు 70 లీటర్ల దాకా ఉబ్బుతుంది. దాన్ని రెండుసార్లు కడిగి పిండాకే వాడాలి, ఉప్పు పోవాలి. వర్మీ కంపోస్ట్ చేతిలోకి తీసుకుని వాసన చూడండి, తొలకరి మట్టి వాసన రావాలి, కంపు కొడితే వద్దు. రెడీ మిక్స్ బస్తా నెక్లెస్ రోడ్డు నుంచి ఇంటిదాకా మోయడం నాకు దండగ అనిపిస్తుంది, దగ్గరి నర్సరీలో దొరుకుతుంది.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్తా. సగానికి కోసిన పెద్ద డ్రమ్ములో 100 లీటర్ల మట్టి పడితే, తడిసినప్పుడు 150 కిలోలు దాటుతుంది. అలాంటివి పది కొనే ముందు మిద్దె కింద దూలాలు ఎటు వెళ్లాయో చూసుకోండి, డ్రమ్ములు వాటి మీదే రావాలి.

## ఇంటికి వచ్చాక

తెచ్చిన రోజే కుండీ మార్చేయాలా?

వద్దు. వారం రోజులు నీడలో, మీ పాత మొక్కలకి దూరంగా పెట్టండి. రోజూ ఆకు అడుగున, కాడల కణుపుల దగ్గర చూడండి, దూదిలా తెల్లగా కనిపిస్తే పిండినల్లి. ఒక్క కొత్త మందార వల్ల నా పాత మందారలు మూడు పోయాయి. వారం తర్వాత సాయంత్రం పూట కుండీ మార్చండి, మార్చిన వెంటనే ఎరువు వేయకండి.

నాలుగు రోజులకే ఆకులన్నీ రాలిపోయాయి. మోసపోయానా?

అప్పుడే అలా అనుకోకండి. చోటు మారినప్పుడు చాలా మొక్కలు అలుగుతాయి, ఫైకస్ అయితే మరీ. గోటితో కాండం మీద కొంచెం గీకండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. ఆకులు లేని మొక్కకి నీళ్లు తక్కువ చాలు, జాలిపడి రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది.

మేళా అయిపోయాక డౌట్ వస్తే ఎవర్ని అడగాలి?

కొన్న స్టాల్ కార్డు తెచ్చుకుంటే వాట్సాప్‌లో ఫొటో పెట్టొచ్చు, కొందరు నిజంగానే జవాబిస్తారు. లేదంటే కిసాన్ కాల్ సెంటర్, 1800-180-1551. ఫ్రీ నంబరు, పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా, తెలుగులోనే మాట్లాడతారు. రైతుల కోసం పెట్టింది కదా, మనలాంటి వాళ్లు చేయొచ్చా అని నేనూ మొహమాటపడ్డాను. మా నిమ్మకి పూత రాలిపోతుంటే చివరికి చేశాను. "ఎన్ని ఎకరాలమ్మా?" అని అడిగారు. "ఒక డ్రమ్మండీ" అన్నాను. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత నవ్వు, ఆ తర్వాత నీళ్లు ఎన్ని రోజులకోసారి పోస్తున్నానో, డ్రమ్ముకి రంధ్రాలు ఎన్ని ఉన్నాయో అన్నీ అడిగి మరీ చెప్పారు.